వోల్టు నిలుకడ లేనిచోట కన్వర్టరును ఎన్నుకొనుట

పాలసేకరణ కేంద్రములలో వెన్నశాతము చూచు యంత్రమును సూర్యఫలకముతోను బ్యాటరీతోను నడుపుట నేడు పలు గ్రామములలో కలదు. మా కేంద్రమున యంత్రము కోరునది 12 వోల్టులు. బ్యాటరీ ఇచ్చునది 24 వోల్టులు. నడుమ నుండి ఈ మార్పు చేయు చిన్న పెట్టెయే డీసీ-డీసీ కన్వర్టరు. దాని వెల స్వల్పమే గాని, అది చెడిననాటి నష్టము స్వల్పము కాదు. యంత్రము ఆగినచో చిక్కని పాలు పోసిన సభ్యునికిని, పలుచని పాలు పోసిన సభ్యునికిని ఒకే ధర కట్టవలసి వచ్చును.

గడచిన చలికాలమున ఒక ఉదయము మా కన్వర్టరు కాలి, దానితోపాటు పాలయంత్రమును చెడెను. రెంటిని హైదరాబాదు పాతబస్తీలోని గౌలిపురకు, మరమ్మతు చేయు ఒకరి యొద్దకు గొనిపోయితిమి. ఆయన కన్వర్టరుపై నున్న “18 నుండి 36 వోల్టులు” అను అంకెలను చూపి, “మీ ఫలకము వెనుక నేమి వ్రాసియున్నదో చూచితిరా?” అని యడిగిరి. మేము చూడలేదు. 24 వోల్టుల సామానని చెప్పగా నమ్మి కొంటిమి.

జరిగినది ఇది. 24 వోల్టుల బ్యాటరీకి అమర్చు 72 గడుల ఫలకము, భారము లేనప్పుడు సుమారు 45 వోల్టులు చూపును. చలి హెచ్చినకొలది ఈ వోల్టు పెరుగును. డిగ్రీకి నూటికి 0.3 వంతు చొప్పున 15 డిగ్రీలు తగ్గినచో 47 వోల్టులగును. బ్యాటరీ కలిసియున్నంతకాలము అది వోల్టును అణచి యుంచును. మా బ్యాటరీ కొనకు చిలుము పట్టి తీగ వదులయ్యెను. అంతట ఫలకపు వోల్టు నియంత్రకమును దాటి కన్వర్టరుపై బడెను.

కావున కొనుటకు ముందు ఈ క్రింది సంగతులను విచారింపవలెను.

మొదటిది, మిక్కిలి తక్కువ, మిక్కిలి ఎక్కువ వోల్టులు. 24 వోల్టుల సీసపు బ్యాటరీ ఖాళీయైనప్పుడు 21, నిండునప్పుడు 29 వోల్టుల వరకుండును. తీగ ఊడినచో 47. ఇట్టిచోట 18 నుండి 75 వోల్టుల రకమే క్షేమము.

రెండవది, రకము. రాబడి వోల్టు ఎల్లప్పుడు 12కు చాల ఎక్కువగా నున్నచో తగ్గించు రకము చాలును. 12 వోల్టుల బ్యాటరీయే అయినచో అది 10.5 మొదలు 14.4 వరకు ఊగును గనుక, హెచ్చించుటయు తగ్గించుటయు రెండును చేయు రకము కావలెను.

మూడవది, తీగ లావు. యంత్రము 36 వాట్లు కోరినచో, నూటికి 90 పాళ్లు పనిచేయు కన్వర్టరు 40 వాట్లు తీసికొనును. 40 వోల్టుల యొద్ద అది 1 ఆంపియరు. 20 వోల్టుల యొద్ద 2 ఆంపియర్లు. వోల్టు తగ్గినకొలది ప్రవాహము హెచ్చును గాన, తీగను ఫ్యూజును తక్కువ వోల్టును బట్టియే లెక్కింపవలెను. ఈ కారణముచేతనే బ్యాటరీ లేక ఫలకమునకే నేరుగా కలిపినచో, తెల్లవారుజామున బలహీనమైన ఫలకము కన్వర్టరు లాగుటకు ఓర్వక, యంత్రము ఆగుచు సాగుచు నుండును.

నాలుగవది, వేడిమి. రేకు కప్పుక్రింద వేసవిలో కన్వర్టరు తన పూర్తి శక్తి నీయజాలదు. 36 వాట్ల పనికి 50 వాట్లది కొనుట మేలు.

ఐదవది, రక్షణ. సామాన్యపు తగ్గించు రకమున లోపలి స్విచ్చి కలిసిపోయి చెడినచో రాబడి వోల్టంతయు యంత్రముపై బడును. మాకు జరిగినది అదియే. లోపల ట్రాన్స్‌ఫార్మరుతో రెండు వైపులను వేరుచేసిన రకమున ఈ భయము లేదు.

పేరులోని 24 అను అంకెను నమ్మక, పై రెండు కొనల అంకెలను కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పొండు. నెలకొకసారి బ్యాటరీ కొనల చిలుము తుడిచి మరలు బిగింపుడు. మేము ఈ రెండును చేయక నేర్చుకొంటిమి. మీరు చేసి నష్టము తప్పించుకొందురు గాక.