సింగపూర్ వానలో మా కరివేప కుండీ



"అక్కడ వానాకాలం వచ్చిందా?" అని మా అమ్మగారు ఊరినుండి ఫోనులో అడిగేవారు. ఏమని చెప్పాలి? మన పల్లెల్లో తొలకరి ఎప్పుడో పసిపిల్లలకు కూడా తెలుసు. సింగపూర్‌లో ఏడాదికి దాదాపు 170 రోజులు వానే. నవంబరు నుండి జనవరి వరకు ముసురు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు సుమత్రా దీవి వైపునుండి తెల్లవారుజామున గాలివానలు. అయినా వీధి కాలువలు మంచివి, బురద కాలికంటదు. మేముండేది తొమ్మిదో అంతస్తు. ఇక వానతో మనకేమిటని నిశ్చింతగా ఉన్నాము. ఆరవేసిన బట్టల వెదురు కర్రలను గబగబా లోపలికి లాగుకోవడమే మాకున్న కష్టం.

2020 జూన్ మొదటి వారం మా తొమ్మిదేళ్ల వానికి జ్వరము వచ్చినది. కరోనా అనుకొని వణికిపోయాము. ఆరాధనలు ఆగిపోయిన రోజులవి. సంఘస్థులు రాత్రివేళ ఫోనులోనే మాతో ప్రార్థించేవారు. ఒళ్లునొప్పులంటుంటే ఊరినుండి తెచ్చుకున్న నొప్పుల మాత్ర వేయబోయి, ఎందుకో ఆగాము. ఆ ఆపినది దేవుడేనని మా నమ్మకం. రక్తపరీక్షలో తేలినది డెంగ్యూ. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వంటివి వేస్తే రక్తస్రావం కావచ్చునని, పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వమని, నీళ్లు బాగా త్రాగించమని డాక్టరుగారు చెప్పారు. నాలుగో రోజున జ్వరము తగ్గితే సంతోషించాము. అసలు భయపడవలసినది అప్పుడేనట! కడుపునొప్పి, వాంతులు మొదలైనవి. ఆస్పత్రిలో మూడు రాత్రులు సెలైను మీద ఉన్నాడు. పిల్లవాని దగ్గర మాలో ఒక్కరినే ఉండనిచ్చారు. రెండోవారికి ఇంట్లో నిద్ర లేదు. పక్కింటి చైనా అవ్వ మాటైనా కలవని మా కోసం రోజూ గంజి వండి గుమ్మం ముందు పెట్టి వెళ్లేది.

పిల్లవాడు ఇంటికి వచ్చిన తరువాత అధికారులు తనిఖీకి వచ్చారు. ఊరి రుచి మరువలేక పెంచుకున్న కరివేప కుండీ క్రింది పళ్లెములోను, వెదురు కర్రలు గుచ్చే గొట్టములోను దోమపిల్లలు! 200 డాలర్ల జరిమానా కట్టాము. డబ్బుకంటె సిగ్గు ఎక్కువైనది. రూపాయి బిళ్లంత నీరున్నా చాలునట, వారం రోజుల్లో గ్రుడ్డు దోమ అవుతుంది. అది కుట్టేది పగటిపూట. కరోనా వలన అందరము పగలంతా ఇంట్లోనే ఉంటిమి గదా. ఆ ఒక్క ఏడాదిలోనే సింగపూర్‌లో 35,000 మందికి పైగా డెంగ్యూ సోకినది.

ఇప్పుడు మా కరివేపకు పళ్లెము లేదు. వాన వెలిసిన ప్రతిసారీ గొట్టముల మూతలు చూచేది మా వాడే.

మొన్న అమ్మగారితో ఇదంతా మరల చెప్పుకున్నాము. మరునాడు ఆమె దొడ్లోని కొబ్బరి చిప్పలన్నీ బోర్లించి, గొడ్లసావిడి వెనుక పడియున్న పాత ట్రాక్టరు టైరును కూడా తీయించివేశారట.