పేరు మారినా నెంబరు అదే, కులమూ అదే

హిజ్రాలకు ఇన్‌కంటాక్సుతో ఏం పని అని మనలోనే కొందరు నవ్వుతారు. స్వచ్ఛంద సంస్థలో ఫీల్డు పనికిచ్చే కాసిని డబ్బుల్లోనూ పన్ను పట్టుకుంటారని వాళ్ళకు తెలీదు. పాన్ చెల్లకపోతే ఆ కోత 20 శాతం దాకా పోతుంది, రిఫండూ ఆగిపోతుంది. ఆధార్‌తో ముడిపడని పాన్‌లు 2023 జులై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. ఒక కార్డులో ఇంట్లో పెట్టిన పేరు, ఇంకో దాంట్లో తాను పెట్టుకున్న పేరు, ఆడా మగా అన్న గడిలోనూ తేడా. ఇక ముడి ఎట్లా పడుద్ది?

పాతది పారేసి కొత్త పాన్ తీసుకుంటే పీడ పోతుందనుకోవద్దు. మనిషికి ఒకటే పాన్, రెండుంటే జరిమానా. దిద్దుబాటు దరఖాస్తు పెడితే నెంబరు అట్లాగే ఉండి పేరూ, లింగమూ మారతాయి. పాత పేరున కోసిన పన్ను ఆ నెంబరు కిందే ఉంటుంది గనక ఎక్కడికీ పోదు. పాన్ దరఖాస్తులో ట్రాన్స్‌జెండర్ అనే గడి 2018 ఏప్రిల్‌లో గాని రాలేదు. 2014 నల్సా తీర్పు తర్వాత నాలుగేళ్ళకన్నమాట! బీహారుకు చెందిన రేష్మా ప్రసాద్ ఈ సంగతి మీదే సుప్రీంకోర్టుకెళ్ళింది. 2019 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే గుర్తింపు పత్రం పాన్‌కు సరిపోతుందని 2024లో కేంద్రం కోర్టులో ఒప్పుకుంది. ముందు ఆ పత్రం, దాంతో ఆధార్, తర్వాత పాన్, బ్యాంకు. ఈ వరసన పోతే తిరుగుడు తగ్గుద్ది.

ఇంతవరకు ఏ కులం వాళ్ళకైనా ఒకటే. మాల, మాదిగ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు అసలు చిక్కు కులపత్రం దగ్గరుంది. పాన్ కులం అడగదు, తండ్రి పేరు అడిగి ఊరుకుంటుంది. తాసీల్దారు ఆ తండ్రి కులానికి రుజువు తెమ్మంటాడు. గడప తొక్కొద్దన్న ఇంటి నుంచి కాయితం ఎవరిస్తారు? అందుకే పాత పేరున్న కులపత్రాన్నీ, బడి టీసీనీ కోపంలో చించెయ్యకూడదు. 2020 నిబంధనలు దిద్దించుకోదగ్గ పత్రాల జాబితా ఇచ్చాయి. అందులో పాన్‌తోపాటు కులపత్రమూ ఉంది. దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో మార్చాలనీ, పాత నెంబరే ఉంచాలనీ అన్నాయి. ఈ రెండు ముక్కలు దరఖాస్తులో రాసి, తీసుకున్నట్టు రసీదు అడగాలి.

ఇక్కడే ఇంకో మెలిక. నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతిగా చూడమంది. ఆ మాట పట్టుకుని దళిత బిడ్డను బీసీ గడిలోకి తోస్తే ఎస్సీగా రావలసింది పోతుంది. అంటరానితనం పేరుతో పాటు మారదు గదా! ప్రతి కులవర్గం లోపలా ట్రాన్స్‌జెండర్లకు వాటా ఉండాలని తమిళనాడు దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను కొట్లాడుతున్నది ఇందుకే. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక శాతం అట్లాగే ఇచ్చింది. ఆఫీసులో ఎవరైనా బీసీ అని రాయమంటే, పుట్టిన కులమే రాయించండి.