కంటి ముందు మెరుపులా? ఆలస్యం చేయకండి

వర్లి సముద్రం పక్కనే ఉంటున్నా మనవాళ్లలో నీళ్లలోకి దిగేవారు తక్కువే. అయినా తార్కర్లీకి విహారానికి వెళ్లి, వీపున గాలి సిలిండరు కట్టుకుని అడుగుకు దిగే యాభై దాటినవారు ఇప్పుడు కనిపిస్తున్నారు. ముంబై హై చమురు క్షేత్రంలోనైతే అది జీవనోపాధి. పైకి వచ్చాక కంట్లో మెరుపులు కనిపిస్తే "నీటి ఒత్తిడిలే" అని మీరు సరిపెట్టుకోవచ్చు.

10 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. మాస్కులోకి ముక్కుతో గాలి వదలకపోతే తెల్లగుడ్డు ఎర్రబడుతుంది. చూడడానికి భయంగా ఉన్నా సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. భయపడవలసింది చూపులో మార్పుకు. దానికి సముద్రం కన్నా వయసే పెద్ద కారణం.

కంటిలోపల గాజులాంటి జిగురు పదార్థం ఉంటుంది. యూనానీలో దీని పేరు రుతూబతె జుజాజియా. జుజాజ్ అంటే గాజే. వయసుతో ఇది పలచబడి, కుంచించుకుని, వెనుకనున్న తెర నుంచి విడిపోతుంది. ఆ లాగుడుకే మెరుపులు. తేలే నూలుపోగులు, ఈగలు దాని నీడలు. చాలామందికి అంతటితో సరి. కొందరికి మాత్రం తెర చిరిగి, చిరుగులోంచి నీరు దూరి, తెర ఊడుతుంది. నొప్పి ఉండదు, అందుకే మోసపోతాం.

పూర్వపు హకీములు ఈ ఈగలను ఖయాలాత్ అన్నారు, శుక్లానికి తొలి గుర్తుగా తలచారు. కంటి లోపలికి చూసే సాధనం వారికి లేదు. అది 1851లో గాని రాలేదు. కనుక యూనానీ శీర్షికలోనే నిర్మొహమాటంగా రాస్తున్నాను: దీనికి సుర్మా వద్దు (చాలా సుర్మాల్లో సీసం ఉంటుంది), గులాబీ అర్క్ వద్దు, ఇత్రీఫల్ తింటూ వారం చూద్దామనడం అసలే వద్దు.

మెరుపులు హఠాత్తుగా మొదలైనా, చుక్కలు గుంపుగా రాలినా, పక్కనుంచి నల్లపరదా దిగినా అదే రోజు కంటి డాక్టరు చుక్కల మందు వేసి తెరను చూడాలి. కామాఠీపురావారికి నాయర్, జె.జె. ఆసుపత్రులు, వర్లివారికి కె.ఇ.ఎం. దూరం కావు. చిరుగు దశలో లేజరు చాలు, ఊడితే ఆపరేషనే. డైవింగు తర్వాత చూపు మసకతోపాటు తిమ్మిరి, తలతిరుగుడు ఉంటే మాత్రం ఒంట్లో నైట్రోజన్ బుడగలు ఏర్పడి ఉండవచ్చు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇంకొక మాట. ఆపరేషన్‌లో కంట్లో గ్యాసు బుడగ పెడితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, నీటి అడుగుకు దిగకూడదు. ఎత్తుకు పోయేకొద్దీ బుడగ ఉబ్బి చూపే పోవచ్చు. గ్యాసును బట్టి రెండు వారాల నుంచి రెండు నెలలు పడుతుంది. ఉమ్రా టికెట్టు చేతిలో ఉన్నా సరే, ముందు సర్జన్‌ని అడగండి. ఖండాలా ఘాట్ ఎక్కాలన్నా అడిగే ఎక్కండి.