రక్తక్షేత్రం: దళితులే పెట్టుకున్న పేరు

తెనాలి నుంచి చీరాల వెళ్లే రైలు దారిలో చుండూరు ఒక చిన్న స్టేషన్. చుట్టూ కృష్ణా డెల్టా మాగాణి. ఊరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ ఊళ్లోనే 1991 నాటి అమరుల సమాధులున్న నేల ఉంది. దాని పేరు రక్తక్షేత్రం. మేం వెళ్లింది ఆ పేరు కోసమే.

మన పల్లెల్లో వాడల పేర్లు చాలావరకు వాడ జనం పెట్టుకున్నవి కావు. మాలపల్లె, మాదిగగూడెం అన్నవి కులాన్నే చిరునామా చేసిన పేర్లు. హరిజనవాడ దయతలచి ఇచ్చిన పేరు. 'హరిజన' అన్న మాటను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. రక్తక్షేత్రం మాత్రం దళితులు తమ నెత్తుటితో తామే పెట్టుకున్న పేరు.

1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. గొడవకు అది సాకు మాత్రమే. చదువుకుని తలెత్తి నడుస్తున్న దళిత యువతరమే అసలు కంటగింపు. దళితులను సాంఘికంగా బహిష్కరించారు, పొలం పనులకు పిలవడం మానేశారు. పోలీసులు ఊళ్లో ఉండగానే, ఆగస్టు 6న పట్టపగలు పొలాల్లో వెంటాడి ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు.

ఆనవాలు లేకుండా చేయాలన్నది హంతకుల ఉద్దేశం. అందుకే దళితులు తమవాళ్లను ఎక్కడో ఊరవతల కాకుండా ఊళ్లోనే, అందరి కళ్లెదుట పూడ్చిపెట్టారు. బతికున్నప్పుడు వెలివేసిన ఊరు చనిపోయినవాళ్లను రోజూ చూడక తప్పదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పోరాడి సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ తీర్పు ప్రకారం ఎనిమిది మందిని చంపినవాళ్లు ఎవరూ లేరు. నేల మీద మాత్రం సమాధులున్నాయి, పేరుంది. ఏ పై కోర్టూ ఆ పేరును కొట్టేయలేదు.

కులం పేరుతో ఉన్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో నిర్ణయించింది. మంచిదే. కానీ కొత్త పేరు ఎవరు పెడతారన్నదీ ముఖ్యమే. విద్యార్థి మిత్రులు ఈసారి ఊరెళ్లినప్పుడు వాడ పెద్దల దగ్గర కూర్చుని అడగండి: మన వాడకు ఈ పేరు ఎవరు పెట్టారు? మనమైతే ఏం పెట్టుకునేవాళ్లం?