కాలికి తగిన బూట్లు



గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు ఈ మధ్య మాకు ఎక్కువగా వినబడుచున్న ప్రార్థన విన్నపము షుగరు వ్యాధి గురించినదే. తరువాతిది మోకాళ్ల నొప్పులు. డాక్టరు గారు రోజూ అరగంట నడవమన్నారని చెప్పుదురు. "నడుస్తున్నారా?" అని అడిగితే, "ఎక్కడండీ అయ్యగారూ, రెండు రోజులు నడిస్తే మడమలు పీకుతున్నాయి" అందురు. గుమ్మము దగ్గర విడిచిన చెప్పులవైపు చూస్తే సంగతి తెలిసిపోవును. మడమ దగ్గర అరిగి అరిగి కాగితమంత పలుచనైన హవాయి చెప్పులు అక్కడ ఉండును. వాటిమీద అరగంట నడుచుట కంటె ఊరక కూర్చుండుటయే మేలని ఆ కాళ్లు అనుకొనుటలో తప్పు లేదు.

సంఘ పత్రికలో బూట్ల సంగతి ఏమిటని కొందరు నవ్వవచ్చును. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో పేతురును చెరలోనుండి విడిపించుటకు వచ్చిన దూతను జ్ఞాపకము చేసికొనండి. ఇనుప గవిని దానంతట అదే తెరచుకొన్న రాత్రి అది. అటువంటి రాత్రి కూడ దూత పేతురును వట్టికాళ్లతో తీసికొనిపోలేదు. చెప్పులు తొడుగుకొనువరకు ఆగాడు.

ఈ సంగతి వ్రాయుటకు మమ్మును పురికొల్పినది మా సంఘములోని ఒక పెద్దయ్య. డెబ్బది ఏండ్లు దాటినవాడు. ఆయన అనుమతితోనే వ్రాయుచున్నాము. కిందటి చలికాలము పొలము గట్టున ఆయన కాలిలో తుమ్మ ముల్లు దిగింది. మూడు రోజులవరకు ఆయనకు తెలియలేదు. పక్క దుప్పటిమీద మరక చూచి ఆయన భార్య కనుగొన్నది. పుండు మానుటకు నాలుగు నెలలు పట్టింది, చిటికెనవ్రేలు తీసివేయవలసి వచ్చింది. ఇంటిలో కూడ వట్టికాళ్లతో నడువకూడదనియు, పుండు పూర్తిగా మానిన తరువాత మంచి బూట్లతో రోజూ నడువవలెననియు ఆస్పత్రిలో చెప్పి పంపారు. కుమారుడు పట్టణమునుండి 2,000 రూపాయలు పంపాడు. పెద్దయ్య మాత్రము ఒప్పుకొనలేదు.

ఆయన తండ్రి తోలు పని చేసినవాడు. ఊరందరికి చెప్పులు కుట్టిన ఆ మనుష్యుడు పెద్ద వీధి రాగానే తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని నడిచేవాడట. పిల్లవాడుగా వెనుక నడుస్తూ పెద్దయ్య అది చూచాడు. ఒంగోలు ప్రాంతములో 1878లో వేలకొలది ప్రజలు బాప్తిస్మము పొందిన సంగతి మన పాఠకులెరిగినదే. వారిలో అధికులు ఇట్టి కుటుంబములవారే. నేటి మన సంఘములలో అనేకుల తాతలు ఇతరుల కాళ్లకు జోళ్లు కుట్టి, తాము వట్టికాళ్లతో బ్రదికినవారు. అందుచేత "నాకెందుకండీ అయ్యగారూ బూట్లు? నలుగురూ నవ్వరా?" అని ఆయన అన్నప్పుడు మేము తేలికగా తీసికొనలేదు.

లూకా 15వ అధ్యాయము తెరచి, తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని కాళ్లకు తండ్రి మొట్టమొదట తొడిగించిన వాటిలో చెప్పులు కూడ ఉన్నవని చూపించాము. ఆ కాలమున ఇంటి దాసులు వట్టికాళ్లతో ఉండేవారనియు, చెప్పులు కుమారునికి గురుతనియు పండితులు చెప్పుదురని వివరించాము. పెద్దయ్య శ్రద్ధగా విని, "అవి కాలికి సరిపోయాయో లేదో రాయలేదే!" అన్నాడు. మా ఇంటివారు పగలబడి నవ్వారు. మరునాడు సాయంకాలము ముగ్గురము పట్టణము వెళ్ళుటకు నిర్ణయమైనది.

పెద్దయ్యకు సలహా చెప్పుటకు ముందు మా బుద్ధిహీనత ఒప్పుకొనవలెను. మేము నడక మొదలుపెట్టినప్పుడు 350 రూపాయలకు దొరికినవని ఫుట్‌పాత్ మీద ఒక జత కొన్నాము. రెండు నెలలకు మొదటి వాన పడగానే ముందుభాగము ఊడి కప్ప నోరువలె తెరచుకొన్నది. బుద్ధి రాక 400 పెట్టి అటువంటిదే మరియొకటి కొన్నాము. అది మూడు నెలలు వచ్చింది. మూడవసారి సగము ధరకు వచ్చుచున్నదని పెద్ద దుకాణములో 1,150 పెట్టి పేరున్న రకము తెచ్చాము. నెల తిరుగకముందే దాని సోలు పాతబడిన రొట్టెవలె పొడిపొడిగా రాలిపోయినది. మా ఇంటివారి పద్దుల పుస్తకము ప్రకారము ఆరు నెలలకు 1,900 రూపాయలు ఖర్చు. ఆ తరువాత పూర్తి ధర 1,600 పెట్టి కొన్న జత, మధ్యలో 60 రూపాయల కుట్టుతో పదిహేను నెలలు నడిచింది. మొదటి లెక్కన నెలకు 316 రూపాయలు, రెండవ లెక్కన 110. పేదవాడు చవుక వస్తువు కొనలేడని మా తండ్రిగారు అనుచుండెడివారు. అప్పుడు అర్థము కాలేదు.

ఆ మూడవ జత ఎందుకు రాలిపోయినదో తరువాత ఒక చెప్పులు కుట్టు సహోదరుడు చెప్పాడు. సోళ్లలో పి.యు. అను పదార్థము ఒకటున్నది. గట్టిది, బరువు బాగా మోయును. గాని గాలిలోని తేమ దానిని మెల్లమెల్లగా విరుగగొట్టును. తొడుగకుండ ఏండ్ల తరబడి పెట్టెలో ఉంచినను పాడైపోవును. ఉక్కబోత ఎక్కువగా ఉండే మన కోస్తా ఊళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. కావున తగ్గింపు ధర చూచి సంతోషించుటకు ముందు పెట్టెమీద తయారైన నెల, సంవత్సరము చూడండి. ఏండ్ల క్రిందటి సరుకైతే అక్కడే వదలిపెట్టండి. ఇ.వి.ఎ. అనునది తేలికైన నురుగు వంటిది. మెత్తగా ఉండును, ధర తక్కువ. అది పొడి కాదు గాని వాడిన కొలది అణగిపోవును. క్రింద నేలకు తగిలే భాగము రబ్బరుదై, పైన ఇ.వి.ఎ. ఉన్న బూట్లు మనవంటి వారి నడకకు చాలును. అంతా ఒకే ప్లాస్టిక్ ముద్దగా పోసినవి తడి నేలపై జారును, ఎండలో కాలును ఉడికించును.

ఇక దుకాణము సంగతి. సాయంకాలమే ఎందుకనగా, పగలంతా తిరిగేసరికి పాదములు కొంత ఉబ్బును. ఉదయము సరిపోయిన బూటు సాయంకాలము పిండివేయును. రోజూ వేసికొను మేజోళ్లు తొడుగుకొనియే వెళ్ళవలెను. ఇంటివద్దనే పెద్దయ్యను కాగితముమీద నిలువబెట్టి, రెండు పాదముల చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించి జేబులో పెట్టుకొన్నాము. కూర్చుండబెట్టి గీయకూడదు, బరువు మోపినప్పుడే పాదము తన అసలు కొలత చూపును. చాలమందికి రెండు పాదములు సమానముగా ఉండవు. పెద్ద పాదమునకే కొలత తీసికొనవలెను.

ఆ కాగితమే మమ్మును కాపాడినది. జన్మంతా వట్టికాళ్లతో నడిచిన పాదము ముందుభాగమున విసనకఱ్ఱవలె విచ్చుకొని ఉండును. పెద్దయ్య పాదము పొడవునకు 7వ నంబరు సరిపోవును, వెడల్పునకు ఏదియు చాలదు. కాగితమును బూటు అడుగున పెట్టి చూస్తే ఇరుప్రక్కల బయటికి వచ్చుచున్నది. దుకాణములోని అబ్బాయి 9వ నంబరు తెచ్చాడు. ఇది మనలో అనేకులు చేయు పొరపాటే. వెడల్పు కొరకు పొడవు పెంచితే మడమ లోపల ఆడును, బూటు మడత పడే చోటు వ్రేళ్లకు ముందుకు జరిగిపోవును, మనిషి తూలిపడును. "వాడుతుంటే సాగుతాయిలే తాతా" అని కూడ అబ్బాయి అన్నాడు. సాగు లోపల కాలు బొబ్బలెక్కును.

అసలు చిక్కు మరియొకటి. ఏ జత తొడిగినను పెద్దయ్య "బాగానే ఉందయ్యా" అనుచున్నాడు. బిగుతుగా ఉన్నను బాగానే ఉన్నది, వదులుగా ఉన్నను బాగానే ఉన్నది. మొదట ఆయన మొగమాటపడుచున్నాడనుకొన్నాము. మా ఇంటివారు గ్రహించారు: ముల్లు దిగితే తెలియని పాదమునకు బూటు కరచుట ఎట్లు తెలియును?

ఈ సందర్భమున డాక్టరు పాల్ బ్రాండ్ గారిని తలంచుకొనక తప్పదు. 1914లో తమిళదేశములోని కొల్లి కొండలపై మిషనరీ దంపతులకు జన్మించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠురోగుల చేతులకు కాళ్లకు శస్త్రచికిత్సలు చేసిన దైవజనుడాయన. కుష్ఠురోగి వ్రేళ్లు పోవుటకు ముఖ్య కారణము మాంసము కుళ్లుట కాదు, నొప్పి తెలియకపోవుటయే అని ఆయన లోకమునకు చూపించాడు. నొప్పి తెలియనివాడు పుండుమీదనే నడుచును. నొప్పి దేవుడిచ్చిన వరమని ఆయన చెప్పేవాడు. అటువంటి రోగుల పాదములమీద బరువు సమానముగా పరచుకొనునట్లు సన్నని గాలి బుడగలు గల మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించుటకు ఆయనయు తోటి పనివారును ఎంతో శ్రమించారు. తరువాత అమెరికాకు వెళ్ళి అక్కడ షుగరు రోగుల పాదములకును అదే జ్ఞానమును ఉపయోగించాడు. నేడు మన పట్టణములలో డాక్టర్లు వ్రాసియిచ్చు ఎం.సి.ఆర్. చెప్పులు ఆ రకము రబ్బరుతో చేసినవే.

కావున తిమ్మిర్లు గలవారు "బాగానే ఉంది" అంటే నమ్మవద్దు. మీ చేతులతో మీరే చూడవలెను. పొడవైన వ్రేలికి ముందు మీ బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండవలెను. లోపల చేయి పెట్టి తడమండి, కుట్టు ముడులు తగులకూడదు. దుకాణములోనే పది నిమిషములు నడిపించి, బూటు, మేజోడు విప్పి పాదమును చూడండి. ఎక్కడైనా ఎఱ్ఱగా అచ్చు పడితే ఆ జత వద్దు. మూడు దుకాణములు తిరిగిన తరువాత, ముందుభాగము వెడల్పుగా ఉండి, లేసులకు బదులు అంటింపు పట్టీ గల నల్లని గుడ్డ బూట్లు దొరికాయి. ధర 1,450. వంగలేని ముసలి నడుమునకు ఆ పట్టీ ఎంతో ఉపకారము. పుండు మరల లేచిన చరిత్ర గలవారు, వ్రేళ్లు వంకర తిరిగినవారు మాత్రము దుకాణములో వెదకక, డాక్టరు చూచి కొలతలతో చేయించినవే తొడగవలెను.

షుగరు లేనివారికి ఇంత జాగ్రత్త అవసరము లేదు గాని, ఏ బూటునైనను చేతిలోకి తీసికొని మడిచి చూడండి. వ్రేళ్ల మొదట మడత పడవలెను, నడుమ విరిగినట్లు మడతపడితే అది కాలిని మోయదు. తడి గుడ్డను పిండినట్లు మెలి తిరుగకూడదు. మడమ వెనుకభాగమును వ్రేళ్లతో నొక్కితే సులువుగా లొంగకూడదు. మన దేశపు నంబర్లు, ఇంగ్లాండు నంబర్లు ఒకటే. 42, 43 అని ఉన్నవి యూరోపు కొలతలు. వెళ్ళునప్పుడు మీ పాత జత కూడ తీసికొనిపోండి. యెహోషువ గిబియోనీయుల మాసికల చెప్పులు చూచి మోసపోయాడు గాని, మన పాత సోలు మనతో అబద్ధమాడదు. ఏ ప్రక్క ఎక్కువ అరిగినదో అదే మన నడక.

కొన్న వెంటనే మేము చేయు పని ఒకటున్నది. బస్టాండు దగ్గర కూర్చుండు సహోదరునిచేత సోలు చుట్టూ నైలాను దారముతో కుట్టించుట. నేటి బూట్లు ఎక్కువభాగము జిగురుతో అంటించినవే. ఆ కుట్టుతో వాటి ఆయుష్షు చాల పెరుగును. బేరమాడవద్దని మా మనవి. తెలుగు క్రొత్త నిబంధనను 1818లో శ్రీరామపురమునుండి అచ్చువేయించిన విలియం కేరీ కూడ చెప్పులు కుట్టిన చేతులవాడే. వానలో తడిసిన బూట్లను ఎండలో గాని పొయ్యి దగ్గర గాని పెట్టకూడదు, జిగురు వదలును. లోపలి అట్ట తీసి, పాత వార్తాపత్రికలు కుక్కి నీడన ఆరబెట్టండి. 500 నుండి 800 కిలోమీటర్ల నడకతో మెత్తదనము అణగిపోవునని చెప్పుదురు. రోజుకు మూడు కిలోమీటర్లు నడుచువారికి అది సుమారు ఆరు నుండి తొమ్మిది నెలలు. మేము పదిహేను నెలలు లాగితిమంటే వారమునకు నాలుగు దినములే నడుచుట వలననే.

మందిరము గుమ్మము సంగతి కూడ చెప్పవలెను. ఏప్రిల్, మే నెలలలో మన మందిరముల ముందు సిమెంటు పెనమువలె కాలును. చెప్పులు విడిచి నాలుగడుగులు వేయుటలో అరికాలు బొబ్బలెక్కి తెలియని షుగరు రోగులున్నారు. వారిని లోపలికి చెప్పులతో రానిద్దామని మా కమిటీలో మేము అనగానే, ఒక పెద్దమనిషి లేచి మోషే, మండుచున్న పొద సంగతి ఎత్తాడు. గౌరవముతోనే అడిగాడు. మేమును గౌరవముతోనే విన్నాము. రెండు ఆదివారములు చర్చ నడిచినది. చివరకు, అట్టివారు మందిరములో మాత్రమే వాడు ఎం.సి.ఆర్. చెప్పులు ఒక జత ఉంచుకొనునట్లు గుమ్మము లోపల చెక్క అలమర పెట్టించాము. ఇప్పుడందులో పదకొండు జతలున్నవి. మోషేను గుర్తుచేసిన పెద్దమనిషి భార్యది కూడ ఒకటి. బయట విడిచిన క్రొత్త బూట్లు మాయమగు సమస్యకు మాత్రము మాకు ఇంకను పరిష్కారము దొరకలేదు. దానికి ప్రసంగములు పనిచేయలేదు.

పెద్దయ్య మొదటి వారము రోజుకు ఒక గంట మాత్రమే ఇంటిలో తొడిగాడు, విప్పిన ప్రతిసారి భార్య అద్దము పట్టి అరికాలు చూచింది. రెండవ వారము తెల్లవారుజామున మేము ఆయనతో బయలుదేరాము. పెద్ద వీధి మొదట ఆయన ఆగి వంగాడు. విప్పబోవుచున్నాడని మేము భయపడ్డాము. పట్టీ వదులైనదట. బిగించుకొని, "అయ్యగారూ, మీ నడక నెమ్మది" అని ముందుకు సాగిపోయాడు.