గొంతులు కలిస్తే ఒంట్లో ఏమవుతుంది?

పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా, మధ్యలో అలిగిన బతుకమ్మ రోజు తప్ప, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ప్రతి సాయంత్రమూ ఆటే. పేర్చిన పూలను నడుమ పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వల్లిస్తారు. వంగి చప్పట్లు, ఒక అడుగు, మళ్లీ చప్పట్లు. ఆడి ఇంటికి పోయేటప్పుడు 'పానం నిమ్మళమైంది' అనుకోవడం మామూలే. ఆ నిమ్మళం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నను ఇప్పుడు వైద్యశాస్త్రం కూడా పట్టించుకుంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం కోసం డైసీ ఫాన్‌కోర్ట్ మరో పరిశోధకురాలితో కలిసి 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చారు. జబ్బులను దూరం పెట్టడంలోనూ, వచ్చిన జబ్బుతో నెట్టుకురావడంలోనూ కళలకు పాత్ర ఉందని అందులో తేల్చారు. అయితే పాట, ఆట, కథ మూడూ ఒంటి మీద ఒకే విధంగా పనిచేయవు. విడివిడిగా చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఊపిరి చేసే పని

మామూలుగా మనం గాలి పీల్చడానికీ వదలడానికీ పెద్ద తేడా లేకుండా ఊపిరి తీస్తాం. పాడేటప్పుడు అలా కుదరదు. గబుక్కున పీల్చుకుని, చరణం అయ్యేదాకా మెల్లగా వదలాలి. ఊపిరి వదిలే సమయంలో మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. పీల్చేటప్పుడు కాస్త పెరుగుతుంది. కలిసి పాడేవాళ్లు ఒకేచోట ఊపిరి తీసుకుంటారు కాబట్టి వాళ్ల గుండెల వేగం కూడా కలిసి హెచ్చుతగ్గులవుతుందని స్వీడన్ పరిశోధకులు బృందగానం చేసే యువతీయువకుల మీద కొలిచి 2013లో ప్రచురించారు. అంతకు ముందు 2001లో ఇటలీలో చేసిన అధ్యయనంలో జపమాల ప్రార్థన గానీ, యోగమంత్రం గానీ వల్లిస్తుంటే శ్వాస నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చి, గుండె, రక్తపోటుల లయ చక్కబడింది. భక్తి ఏదైనా ఊపిరి లెక్క ఒకటే.

లయ చేసే పని

నాట్ల కాలంలో ఆడకూలీలు పొద్దంతా బురదలో వంగే ఉంటారు. నడుం పడిపోయే ఆ పనికి నాటు పాట తోడుండేది. పాట నొప్పిని నిజంగా తగ్గిస్తుందా, లేక ఊరికే మరిపిస్తుందా? ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పడవ పోటీల ఆటగాళ్లతో వ్యాయామ యంత్రాల మీద తెడ్లు వేయించారు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా. ఆ తర్వాత బీపీ పట్టీ చేతికి బిగించి ఎంత నొప్పిని ఓర్చుకోగలరో చూశారు. శ్రమ ఒకటే అయినా జట్టుగా చేసినప్పుడు ఓర్పు బాగా పెరిగింది. కలిసికట్టు కదలికకు శరీరం ఎండార్ఫిన్లను, అంటే తాను తయారుచేసుకునే నొప్పి మందును, ఎక్కువగా విడుదల చేస్తుందనేది వాళ్ల వివరణ. బ్రెజిల్‌లో విద్యార్థుల చేత నాట్యం చేయించిన 2015 నాటి ప్రయోగంలో ఇంకొక సంగతి బయటపడింది. పెద్దగా అలసట లేని కదలికలైనా సరే, అందరి తాళం కలిస్తే ఆ ప్రభావం కనిపించింది.

డప్పు మోగితే కాలు ఆగకపోవడానికి కూడా కారణముంది. లయ వింటున్నప్పుడు మనం కదలకపోయినా మెదడులో కదలికలను నడిపే భాగాలు చురుకవుతాయి. వాటిలో బేసల్ గాంగ్లియా ఒకటి. పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినేది సరిగ్గా ఈ వ్యవస్థే. లోపలి నుంచి రావలసిన సంకేతం అందక రోగి అడుగు తడబడుతుంది. బయటి నుంచి నిలకడగా తాళం వినిపిస్తే అదే సంకేతమై నడక వేగం, అంగ పొడవు మెరుగుపడతాయి. 1990ల నుంచి దీన్ని చికిత్సగా వాడుతున్నారు.

కథ చేసే పని

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు 2014లో సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చారు. అదే జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒగ్గుకథలో చెప్పే మల్లన్న కథ, ఎల్లమ్మ కథ వినేవాళ్లందరికీ ముందే తెలుసు. అయినా రాత్రంతా కూర్చుంటారు. ఎందుకు? మాంట్రియల్‌లో 2011లో మెదడును స్కాన్ చేసి చూసినప్పుడు, ఇష్టమైన సంగీతానికి ఒళ్లు పులకరించే క్షణంలోనే కాక, ఆ క్షణం వస్తోందని ఎదురుచూసేటప్పుడు కూడా డోపమిన్ విడుదలైంది. డోలు వేగం అందుకుంటుంటే తెలిసిన ఘట్టం దగ్గరపడుతోందని జనానికి తెలుస్తుంది. తెలిసిన కథలో రుచి ఆ ఎదురుచూపులోనే ఉంది.

ఆనందానికే కాదు, ఏడుపుకూ పాట కావాలి. మహబూబాబాద్ తండాల్లో తీజ్ పండుగకు మొలకల బుట్టల చుట్టూ ఆడిపాడే లంబాడీ ఆడపిల్లలే, పెళ్లయి తండా విడిచేటప్పుడు అయినవాళ్ల మెడ పట్టుకుని ఢావ్లో అనే ఏడుపు పాట పాడతారు. దుఃఖాన్ని మింగకుండా పదిమందిలో పలికించే పద్ధతి అది. బాలింతల దిగులు మీద ఇంగ్లండ్‌లో 134 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. దిగులు ఎక్కువగా ఉన్నవాళ్లలో, మామూలు సంరక్షణ మాత్రమే పొందినవాళ్లకంటే పాటల బృందంలో చేరినవాళ్లు త్వరగా తేరుకున్నారు.

భూపాలపల్లి బొగ్గుబావుల్లో షిఫ్టులు మారే కార్మికులకు నిద్ర పెద్ద సమస్య. నిద్రలేమి ఉన్నవాళ్లు పడుకునే ముందు రోజూ సంగీతం వింటే నిద్ర నాణ్యత మెరుగుపడుతుందని 13 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కోక్రేన్ సమీక్ష చెప్పింది. ఇది ఖర్చు లేని ఉపాయం.

ఎంతవరకు నమ్మాలి?

డిప్రెషన్‌కు మామూలు చికిత్సతో పాటు సంగీత చికిత్స కూడా ఇస్తే కొంతకాలం వరకు లక్షణాలు ఇంకా తగ్గుతాయని 2017 కోక్రేన్ సమీక్ష చెప్పింది. 'తో పాటు' అన్నది ముఖ్యం. వాడుతున్న మాత్రలు మానేసి పాటలు పాడుకోమని ఏ పరిశోధనా చెప్పలేదు. మనసు భరించలేనంతగా ఉంటే 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

శబ్దం ఎక్కువైతే మేలు మాట అటుంచి కీడే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర గడువు పావుగంటే. బతుకమ్మ దగ్గర డీజే పెట్టినప్పుడు ఇంకొక నష్టం కూడా ఉంది. అడుగు, చప్పట్లు మిగులుతాయి గనుక లయ చేసే మేలు కొంత దక్కుతుంది. కానీ నోళ్లు మూతపడతాయి. ఊపిరి చేసే పని అక్కడితో ఆగిపోతుంది. పాట ఎవరిదైనా కావచ్చు, గొంతు మాత్రం మనది కావాలి.

'నాకు గొంతు లేదు' అని వెనక్కి తగ్గేవాళ్ల కోసం ఒక అధ్యయనం ఉంది. బ్రిటన్‌లో వయోజనులకు కొత్తగా పెట్టిన తరగతులను పరిశోధకులు ఏడు నెలలు గమనించి 2015లో ఫలితాలు చెప్పారు. కొందరు పాట నేర్చుకున్నారు, కొందరు చేతిపనులు, మరికొందరు రచన. చివరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు కుదిరాయి. కానీ ముందుగా దగ్గరైంది పాట తరగతివాళ్లు. వాళ్లు గాయకులు కారు, ఒకరికొకరు తెలిసినవాళ్లూ కారు. శ్రుతి తప్పినా వల్లింపులో గొంతు కలిపితే చాలు.