పట్టికలో చోటు దొరకని పాట

శ్రీహరికోటలో రాకెట్టు లేచు దినమున సూళ్లూరుపేట నుండి పులికాటు సరస్సు నడుమగా పోవు బాట జనముతో నిండిపోవును. 2019లో ప్రజలకై ప్రేక్షకశాల తెరచిన పిమ్మట బడిపిల్లల సందడి మరింత హెచ్చినది. ధ్వనివర్ధకములో అంకెలు వెనుకకు నడచుచుండును. పది, తొమ్మిది, ఎనిమిది అని ఆ గొంతు పలుకుచుండగా పిల్లలు దాని లయను పట్టుకొని తామును గొంతు కలుపుదురు. పిమ్మట వెలుగు ముందుగాను, ఉరుము వంటి ధ్వని కొంత వెనుకగాను వచ్చును. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో మొదలైన ఈ దీవి ప్రయోగముల చరిత్ర యంత్రముల చరిత్రగనే మనకు పరిచితము. ఆకాశమునకు పాటలు కూడ ప్రయాణము చేసినవన్న సంగతి అంతగా ప్రచారములో లేదు.

ఆ పాటలు పోయినది శ్రీహరికోట నుండి కాదు. 1977 ఆగస్టు 20న వాయేజర్ 2, సెప్టెంబరు 5న వాయేజర్ 1 అమెరికాలోని కేప్ కెనావెరల్ నుండి బయలుదేరినవి. రెండింటికిని బంగారుపూత పూసిన రాగి గ్రామఫోను రికార్డు నొక్కొక్కటి తగిలించిరి. అందు 55 భాషలలో పలకరింపులున్నవి; తెలుగు పలకరింపును వానిలో నొకటి. సుమారు తొంబది నిముసముల సంగీతములో 27 ఖండములు గలవు. మన దేశము పక్షమున కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కలదు. వినువారెవరో, వారికి చెవులుండునో లేదో యెవరికిని తెలియదు.

రాగిమీద పాట చెక్కించుట మన సీమకు క్రొత్త గాదు. తాళ్లపాకవారి సంకీర్తనములు వేలకొలదిగా రాగిరేకులకెక్కి తిరుమల ఆలయములోని భాండారమున శతాబ్దములపాటు నిదురించి, ఇరువదవ శతాబ్దిలో గాని మరల లోకము చెవిని పడలేదు. వాయేజర్ కూర్పరులకును అట్టి యోపికయే కావలసివచ్చినది. కాని వారికి వేరొక చిక్కు కూడ కలిగెను. భూలోకమంతటి సంగీతమును తొంబది నిముసములలో నిముడ్చవలెను. దేని నుంచవలెను? దేని విడువవలెను? చక్ బెర్రీ పాడిన ‘జానీ బి. గూడ్’ అను రాక్ పాటను చేర్చబోగా, జానపద సంగీత సంగ్రహకర్తగా లోకప్రసిద్ధుడైన ఆలన్ లోమాక్స్ అది కుర్రతనపు పాట యని అభ్యంతరము తెలిపెను. ఈ భూమిమీద కుర్రవాండ్రు కూడ చాలమంది యున్నారు గదా యని కార్ల్ సాగన్ బదులు చెప్పెనందురు. పాట చేరినది. ఆ యొక్క మాటకై సాగన్‌ను ఉపాధ్యాయులు ప్రత్యేకముగ అభిమానింపవచ్చును.

అయితే ఆ సంవత్సరమే న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ పేటలో మరికొందరు కుర్రవాండ్రు మరియొక సంగీతమును పెంచి పోషించుచుండిరి. ఆ పట్టిక వారిదాక రాలేదు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ వీథిలోని ఒక వసతిగృహపు సావడిలో సిండీ కాంప్‌బెల్ అను బాలిక, బడి తెరచుచున్నారు గనుక క్రొత్తబట్టలకు డబ్బు కూడబెట్టుకొనవలెనని యొక వేడుక నేర్పాటు చేసినది. రికార్డులు త్రిప్పినవాడు ఆమె యన్న, కూల్ హెర్క్. అతడు రెండు యంత్రములపై రికార్డులను మార్చి మార్చి త్రిప్పుచు, పాటలోని తాళభాగమును సాగదీసి, దానిపై పలుకులు విసరెను. రాప్ అను లయబద్ధమైన పలుకుపాటకు ఆ రేయి జన్మదినముగా నేడు లెక్కించుచున్నారు. బడిబట్టల కొరకు పుట్టిన కళ యని చెప్పినను తప్పు లేదు.

1979 వరకు ఈ కళ గ్రామఫోను సంస్థల గడప దాదాపుగా త్రొక్కలేదు. అంతవరకు దానిని మోసినది కేసెట్టు. 1963లో ఫిలిప్స్ సంస్థ వెలువరించిన ఆ చిన్న డబ్బాలో వేడుకల పాటలను పట్టి, నకళ్లు తీసి, చేతినుండి చేతికి అందించుకొనిరి. దానినే మిక్స్‌టేప్ అనిరి. తెలుగునాట పెద్దవారికి దీనిని వివరింప బనిలేదు. ఊరూర కేసెట్ల దుకాణములున్న రోజులలో, కావలసిన పాటల పేర్లు చీటీమీద వరుసగా వ్రాసి, ఖాళీ కేసెట్టుతో దుకాణదారున కిచ్చి రెండు దినములాగి తెచ్చుకొన్నవారు మనలో నెందరో! చివరి పాట పల్లవి దగ్గర టేపు ముగిసిపోయినను, ఆ లోపముతోనే దానిని ప్రేమించితిమి. అది మన చేతివ్రాతలో నున్న చీటీకి కలిగిన రూపము.

రాపర్లు ఈ పద్ధతిని మరియొక మెట్టు మీదికి గొనిపోయిరి. ఇతరుల వాద్యసంగీతమును దీసికొని, దానిపై తమ మాటలు పలికి, అమ్మకపు చట్టముల కందకుండ, తరచు వెల లేకుండ పంచిపెట్టిరి. హక్కులుగలవారికి కోపము రాకపోదు. 2007 జనవరిలో అట్లాంటాలో డి.జె. డ్రామా అను ప్రసిద్ధ కూర్పరి పనిచేయు చోట సోదాచేసి డిస్కులను వేలకొలదిగా పట్టుకొనిరి. పరుల సొత్తును వాడుకొనుట న్యాయమా యన్న ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. కాని ఆ టేపుల వలన పేరు తెచ్చుకొన్న గాయకుల వలననే సంగీత సంస్థలు పిదప లాభపడినవనుటయు సత్యమే.

ఉపాధ్యాయులు ముఖ్యముగ నెరుగవలసిన మిక్స్‌టేపు మాత్రము చికాగోలో పుట్టినది. 1993లో జన్మించిన చాన్సలర్ బెన్నెట్ ఉన్నతపాఠశాల చివరి తరగతిలో నుండగా గంజాయితో పట్టుబడి పది దినములు బడినుండి తొలగింపబడెను. దండన న్యాయమే. ఆ పది దినములు అతడేమి చేసెను? పాటలు వ్రాసెను. ఆ నగరపు కేంద్ర గ్రంథాలయములో కుర్రవాండ్ర కొరకు ఏర్పరచిన యొక విభాగము కలదు. అచట ‘బ్రదర్ మైక్’ అని అందరును పిలుచు ఉపాధ్యాయుడు పిల్లలచేత కవితలు చదివించెడివాడు. చాన్సలర్‌కు మైకు ముందు నిలుచుట అలవడినది ఆ చోటనే. 2012 ఏప్రిల్ 3న ‘చాన్స్ ద రాపర్’ అను పేరుతో అతడు వెలువరించిన తొలి మిక్స్‌టేపు పేరు ‘10 డే’. అందలి మొదటి పాట పేరు ‘14,400 మినిట్స్’. పదిని ఇరువదినాలుగుతోను, దానిని అరువదితోను హెచ్చవేసినచో నంతే వచ్చును. బడి వెలివేసిన కాలమును బడిలో నేర్చిన లెక్కతోనే కొలుచుకొన్నాడన్నమాట!

శ్రోతల నాకర్షించినది గొప్ప సంగీతశాస్త్రము కాదు. అందు తల్లి నుద్దేశించిన పాట కలదు, స్నేహితుల గొంతులు కలవు, గొప్పలు కలవు, తరగతిలో వినిపింప వీలులేని మాటలును కలవు. కొన్ని పాటలు తేలిపోవును. అయినను మొదటి నుండి చివరిదాక విన్నవానికి ఒక ఇంటిలోనికి పోయివచ్చినట్లుండును. ఏరి కూర్చిన వరుసలో ఒక మనిషి కనబడును. మిక్స్‌టేపు ఆకర్షణ అంతయు నచటనే యున్నది. విడిపాటను రుచి చూచి వదలివేయవచ్చును గాని, వరుసతో చెలిమి చేయవలసివచ్చును.

తెలుగు చెవికి ఈ పలుకుపాట ఎంతమాత్రము పరాయిది కాదు. బుర్రకథలో పాటకును పాటకును నడుమ కథకుడు గుక్కతిప్పుకొనక విసరు వచనమును, దానికి వంతలు పలుకు ‘తందాన’ను విన్నవారు ఈ నడకను వెంటనే గుర్తింతురు. మాత్రల గణనము, అంత్యప్రాస తెలిసిన విద్యార్థి రగడను చదివినట్లే దీనిని గణవిభజన చేయగలడు. కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగు బిడ్డ శ్వేతా యల్లాప్రగడ రావు ‘రాజకుమారి’ అను పేర రాపర్‌గా ప్రసిద్ధి చెందినది. చిన్ననాట నృత్యము నేర్చిన ఆమె పలుకులలో నాట్యపు జతులు దొరలుట వింత గాదు.

చాన్స్ 2016 మే నెలలో ‘కలరింగ్ బుక్’ అను మరియొక మిక్స్‌టేపు నిచ్చెను. అందు తొలిపాటలో చికాగో బాలల బృందగానము వినబడును. పలు పాటలలో చర్చి కీర్తనల ఛాయ కలదు. డిస్కుగా అచ్చుపడక, ఇంటర్నెట్టులో ప్రసారమై మాత్రమే వినబడిన ఆ కూర్పునకు 2017 ఫిబ్రవరిలో ఉత్తమ రాప్ ఆల్బము గ్రామీ బహుమతి వచ్చినది. అట్టి కూర్పునకు గ్రామీ లభించుట అదే మొదటిసారి. మరుసటి నెలలో అతడు చికాగో ప్రభుత్వ పాఠశాలలకు పది లక్షల డాలర్లు విరాళ మిచ్చెను. బడి పదిదినములు బయట నుంచినవాడు బడులకే ఇచ్చెను.

ఇక ఆకాశము సంగతి. 1977 పట్టికలో చోటు దొరకని ఆ సంగీతమునకు 2024 జులై 12న వేరొక దారి దొరికినది. నాసా శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ నుండి 34 మీటర్ల రేడియో పళ్లెము ద్వారా మిస్సీ ఇలియట్ 1997లో పాడిన ‘ద రెయిన్’ను శుక్రగ్రహము వైపు పంపిరి. ఇరువదియైదు కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరమును ఆ పాట సుమారు పదునాలుగు నిముసములలో దాటినది. దానికి రాగి లేదు, బంగారుపూత లేదు.

ఆ శుక్రునికే భారతీయ నౌకను పంపుటకు అదే సంవత్సరము సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గ మనుమతి నిచ్చినది. అందులో తొంబది నిముసముల పాటలు పెట్టు అవకాశము మీకిచ్చినచో ఏవి పెట్టుదురని తొమ్మిదవ తరగతి నడిగినచో, కాగితములమీద వచ్చు జాబితాలను ఉపాధ్యాయుడు కొంత తీరిక చేసికొని చదువవలసియుండును. వానిలో చాల పేర్లు ఆయన విననివై యుండును.